కరెంటు లేనప్పుడు కదిలే పలక

మహబూబ్‌నగర్,
12-8-1997

బేటా వహీద్‌కు దాదీ దువాలు.

హైదరాబాద్ కంపెనీ వాళ్లు మన వర్క్‌షాపులో చూడమని పెట్టిపోయిన లీనియర్ సర్వో మోటారుకు నువ్వు రేపో మాపో ఆర్డరిస్తావని తెలిసింది. జర ఆగు.

ఈ మోటారు తిరగదు. అయస్కాంతాల పట్టా మీద ఒక పలకను వెంట్రుకవాసి తేడా లేకుండా జరుపుతుంది. కరెంటు ఉన్నంతసేపు చెప్పిన మాట వింటుంది, మీ దాదా కంటే నయం. కరెంటు పోయాకే పలక తనంతట తాను మెల్లగా కదులుతుంది. రసమట్టం పెట్టి చూశాను, బుడగ నడుమనే ఉంది. మన మిషన్ నడిపే కాటమయ్య ఎడమ కొసన నిలబడితే ఎడమకు వస్తుంది, కుడికి పోతే కుడికి. నేను నిలబడితే కదలదు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, తొమ్మిదిసార్లు పరీక్షించాను.

"గీ పలక నన్ను గుర్తు పడ్తాంది, అమ్మా" అని కాటమయ్య నవ్వాడు. రోజంతా అతని చేతులు ఆ పలక కిందే ఉంటాయి. నాకు నవ్వు రాలేదు. అతన్ని దేవరకొండలో కూతురి దగ్గరికి పంపాను.

నిన్న కంపెనీ మనిషికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. కరెంటు లేకుండా ఎట్లా కదులుతుందని వాదిస్తాడనుకున్నాను. అతను గొంతు తగ్గించి, "ఎవరి దిక్కు వస్తాందమ్మా?" అని అడిగాడు.

ఏ ఇంజనీరైనా అడిగే ప్రశ్నేనా అది?

ధర ఎక్కువైనా పుణె వాళ్ల మోటారే తీసుకో, దానికి కరెంటు పోయినా పలకను పట్టి ఉంచే బ్రేకుంది. ఈ కంపెనీ మనిషి నీకు ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడు. కాటమయ్య పేరు మాత్రం చెప్పకు. నేను చెప్పలేదు.

నీ దాదీ