విషయం: పెళ్లి వల్ల ఇంటిపేరు మార్పు

రికార్డుల ఆఫీసు వారికి నమస్కారం.

నలభై మూడో ఏట నాకు పెళ్లయింది. ఆ కారణంగా ఇంటిపేరు మార్చమని కోరుతున్నాను. ఇప్పుడున్నది మా నాన్నగారిది. ఆయన పోయారు, నేనొక్కదాన్నే కూతుర్ని. దాన్ని వదిలేస్తే ఆయన్నే వదిలేసినట్టవుతుందేమోనని మనసు పీకుతోంది. అయినా అందరూ నడిచే దారే కదా.

ఇట్లు,
కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే పంతులమ్మ

తా.క.: పంపాలా వద్దా అని తొమ్మిది రోజులు ఆలోచించాను. తేదీ దగ్గర కొట్టివేతలు అందుకే.

---

అమ్మా,

దరఖాస్తు అందింది. ఇంటికి పెళ్లేమిటో మా ఆఫీసులో ఎవరికీ అంతుబట్టలేదు. ఏదేమైనా, గుమ్మం మీది పాత పేరు పలక ఫొటో, ఎన్ని అంతస్తులో తెలిపే పత్రం జతచేయగలరు.

ఇట్లు,
రికార్డుల గుమాస్తా

తా.క.: నాన్నగారి పలక మీద అంత బెంగగా ఉంటే పెరటి గోడకు తగిలించుకోవచ్చు. మాకు అభ్యంతరం లేదు.

---

గుమాస్తా గారూ,

పెళ్లి ఇంటికి కాదు, నాకు. మాది అద్దె వాటా. దానికి పేరే లేదు, నంబరుంది. నేనడిగింది నా పేరుకు ముందుండే పేరు. అయినా మీ ఉత్తరం చదివాక కొత్త అనుమానం పట్టుకుంది: ఇల్లే లేని ఇంటిపేరులో ఇన్నేళ్లూ నేనెలా కాపురమున్నాను?

ఇట్లు,
పంతులమ్మ

తా.క.: మీ మనిషి టేపు తెచ్చి మా గుమ్మం కొలిచాడు. "కొత్త పేరు పొడవెంతండీ?" అని అడిగితే, మావారు అక్షరాలు లెక్కపెట్టి మరీ చెప్పారు.

---

అమ్మా,

తప్పు నాదే. మీ కాగితం కట్టడాల కట్టలో కలిసిపోయింది. ఈసారి సరైన రిజిస్టరే తీశాను. మేం పాత పేరు చెరపం. ఎర్ర సిరాతో ఒక గీత గీస్తాం, అంతే. గీయబోతూ ఆ పేజీలన్నీ తిరగేశాను. మీ ఇంటిపేరు వాళ్లు నూటపద్నాలుగు మంది. పోయినవాళ్లు, పెళ్లయి వెళ్లినవాళ్లు, అందరి మీదా గీతే. గీత లేనిది మీ ఒక్కరికే. ముప్పై ఏళ్లలో ఎన్నో పేర్లు కొట్టేశాను గానీ, ఒక ఇంటిపేరుకే ఆఖరి గీత గీయడం ఎరగను. కలం పక్కన పెట్టేశానమ్మా. గీయమంటారా?

ఇట్లు,
గుమాస్తా

తా.క.: మా పెద్దసారు వచ్చి "ఏమయ్యా, సిరా అయిపోయిందా?" అన్నారు. పేజీ చూపించాను. ఆయన ఏ కాగితాన్నైనా నిలబడి చదవడం ఇదే మొదటిసారి చూశాను.

---

గుమాస్తా గారూ,

గీయకండి. నిన్న కూరల సంచితో బజారులో నడుస్తుంటే ఒక్కదాన్నే కాదు, నూటపద్నాలుగు మందిమి రోడ్డు దాటుతున్నట్టనిపించింది. నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంకొకటి జతచేశాను, మావారిది. నా ఇంటిపేరు ఆయన పెట్టుకుంటారట. "బాగా ఆలోచించండి, కనీసం తొమ్మిది రోజులు!" అన్నాను. "మా ఇంటిపేరు వాళ్లు ఈ ఊళ్లో కుప్పలు తెప్పలు. ఒకడు తగ్గితే ఎవడికి తెలుస్తుంది? మీ వైపు ఒకడు పెరిగితే జనాభా రెట్టింపు!" అన్నారు. లెక్కల మాస్టారు మరి.

ఇట్లు,
అదే ఇంటిపేరు గల పంతులమ్మ

తా.క.: మీ ఫారంలో 'భర్త పాత ఇంటిపేరు' అనే గడి లేదు. ఆయనే పెన్సిలుతో ఒకటి గీశారు. కాస్త వంకరగా వచ్చింది. దయచేసి దిద్దకండి.