శుక్రవారం ఫోను

శుక్రవారం, కొమరోలు.

కువైట్ పని మానుకుని వచ్చి పన్నెండు రోజులైనా నా కూతురు చిన్ని నా పక్కన పడుకోదు. రెండేళ్ల పిల్లగా వదిలి వెళ్లాను. ఆరేళ్లూ నా సెలవు రోజైన శుక్రవారమే ఫోన్ చేసేదాన్ని. ఇవాళ సాయంత్రం అది అలవాటుగా వాళ్ల అమ్మమ్మ ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"నేను ఈడనే ఉండా గదా తల్లీ, నాతో చెప్పు" అన్నాను.

తల వంచుకుంది. "ఫోన్లో అయితేనే నాకు మాటలొస్తాయి."

గొర్రెల దొడ్డి వెనక్కి పోయి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది. ఊడిన పన్ను, ఈనిన గొర్రె, బడిలో తిట్లు, అన్నీ గలగలా చెప్పింది. చివర్న ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"ఎప్పుడొస్తావమ్మా?"

దొడ్డికీ అరుగుకీ ఇరవై అడుగులు. "వస్తాలే తల్లీ" అన్నాను, కువైట్ నుంచి చెప్పినట్టే.