పడుగు దిగేదాకా

చౌటుప్పల్ చేనేత వీధిలో 4-37 నంబరు ఇంట్లో ఉండే నేను, గంజి వెంకటనర్సమ్మ, కీర్తిశేషులు సీతారాములు భార్యను, వయసు అరవై నాలుగు, వృత్తి నేత, నా ఇష్టంతో నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నాలుగో తరగతి దాకా చదువుకున్నాను. అక్షరాల తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోవచ్చు. మాట మాత్రం మార్చకూడదు.

నా తెలివి నాకు ఉంది. ఈ పొద్దున అద్దాలు పెట్టుకొని సూదిలోకి పోగు ఎక్కించాను, రెండో తాపకే ఎక్కింది. “కోపం మీద రాస్తున్నవమ్మా, జర చల్లబడినంక రాయి” అని నా బిడ్డ ఫోనులో అన్నది. రెండేండ్లు చూశాను, చల్లబడలేదు. కోపం ఉన్నంత మాత్రాన మతి లేనట్టు కాదు. దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

దీన్ని జరిపించవలసినవాడు రఘుపతి. నా భర్తకు చిన్నాయన కొడుకు, నేత సహకార సంఘంలో గుమాస్తాగా చేసి దిగిపోయాడు. “నన్నెందుకు ఇండ్ల ఇరికిస్తవ్ వదినా, రేపు అందరు నన్నే అంటరు” అన్నాడు. ఈ వీధిలో ఎవరితో మాట పడకుండా బతికినవాడు అతడొక్కడే. నా కోసం ఒక్కసారి పడితే ఏం కాదు.

1. నాకున్నది ఈ ఇల్లు ఒక్కటే. ముందట, కాళ్ళకు నేలలో గుంట తీసిన గుంట మగ్గం ఉన్న పెద్ద గది, వెనక వంట గది, దాని వెనక జాగా. నా భర్త పోకముందే నా పేరు మీద పెట్టించాడు. దీని మీద వేరే ఎవరికీ హక్కు లేదు. రోడ్డు పెద్దదైనప్పటి నుంచి ఈ జాగా కోసం ప్లాట్ల వాళ్ళు మూడుసార్లు వచ్చారు. ఇక రానవసరం లేదు.

2. నా బిడ్డ రోజారమణి కొత్తకోటలో కాపురం ఉంటుంది. వెనక గది, వెనక జాగా, నా కమ్మలు, మెడలో గుండ్లు ఆమెకు రాస్తున్నాను. “జైలుకు పోయొచ్చినోళ్ళకు ముందటిల్లు, కడుపుల పుట్టినదానికి వెనకజాగానా? నేనేం తప్పు చేసిన?” అని అడిగింది. నువ్వు ఏ తప్పూ చేయలేదు బిడ్డా. చేసింది నేను. కింద అయిదో నంబరులో రాశాను, ఒక్కదానివే ఉన్నప్పుడు చదువుకో. ఇంకో మాట. నీ పెండ్లి చీర అంచులో ఒక్క పోగు తప్పు పడింది. ఇరవై ఏండ్లు నీకు చెప్పలేదు. కొంగు నుంచి మూరెడు లోపల చూడు. అది నేస్తుంటే నువ్వు వెళ్ళిపోతున్నావని ఏడ్చాను, పోగు కనబడలేదు.

3. పక్కింటి నాగులమ్మకు నా ఇత్తడి బిందె రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు రాసింది చెల్లదని రఘుపతి చెప్పాడు. బిందె కావాలా, సాక్షిగా ఉంటావా అని అడిగితే “సాచ్చిగనే ఉంటనక్కా, ఎవరికి ఏమేం రాసినవో ముందుగాల నాకే తెలుస్తది” అన్నది. బిందె కూడా రోజారమణికే.

4. దివాకర్ తల్లికి నేను ఏమీ రాయడం లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. 2015 దసరా నాడు కల్లు కాంపౌండ్ దగ్గర మాట మాట పెరిగి నా కొడుకు రాజేందర్ దివాకర్‌ను తోశాడు. దివాకర్ రాయి మీద పడి తల పగిలి ప్రాణం విడిచాడు. నా కొడుకుకు ఏడేండ్ల శిక్ష పడింది. నేను ఏది ఇచ్చినా ఆ తల్లి తీసుకోదు, తీసుకోకపోవడం ఆమె హక్కు. కానీ ఒక మాట దాచి పోలేను. దివాకర్ పోయిన రోజు వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. ఆడవాళ్ళందరూ ఆమె గడపలో కూర్చున్నారు. నా కొడుకు పోయిన రోజు ఒక్క మగ్గం ఆగలేదు. ఇంటికి తెచ్చినాక ఆ చప్పుడు వింటూనే వానికి ఆఖరి స్నానం చేయించాను. కొడుకును పోగొట్టుకున్న తల్లిని చూసి కుళ్ళుకునే ఆడది ఉంటుందా అంటే, ఉంది. ఈ కాగితం కింద సంతకం పెడుతున్నది ఆమే.

5. ఈ అంశంలో ఆస్తి లేదు. అయినా ఇది లేకుండా మిగతాది అర్థం కాదు కనుక రాస్తున్నాను.

పడుగు అంటే మగ్గం మీద నిలువునా సాగదీసే పోగులు. ఒక్క పడుగు మీద ఏడు చీరలు దిగుతాయి, నెలన్నర పడుతుంది. ఎక్కించినాక మధ్యలో వదిలేసి లేవడం ఉండదు. 2021 కార్తీకంలో నా కొడుకు శిక్ష తగ్గి ఏడాది ముందే జైలు నుంచి వచ్చిన రోజు నా మగ్గం మీద పెండ్లి చీరల పడుగు ఉంది. మధ్యాహ్నం వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు, అన్నం తిన్నాడు. నేరుగా మగ్గం దగ్గరికి పోయి పలక మీద కూర్చొని గుంటలోకి కాళ్ళు దించాడు. ఆరేండ్ల నుంచి ఆ గుంట కోసమే బతికినట్టు దించాడు.

నేను అన్నాను, “జర ఆగు కొడుకా. పెండ్లి చీరల పడుగిది. ఇది దిగినంక కూసుందువు” అని.

కాళ్ళు పైకి తీసుకున్నాడు. “సరే తీయమ్మా” అన్నాడు. అంతే. తెల్లారి సంచి పట్టుకొని, నల్గొండలో ఏదో సంస్థ ఉందట, చూసి వస్తానని బస్సెక్కాడు.

ఆ చీరలు నేయించిన సేటు వాణ్ణి కూర్చోనివ్వద్దన్నాడని అందరికీ చెప్పాను. రోజారమణికీ అదే చెప్పాను. అది అబద్ధం. సేటు ఒక్క మాట అనలేదు. జైలుకు పోయిన చెయ్యి పెండ్లి చీరకు తగలవద్దని నేనే అనుకున్నాను. ముండమోసిన నా చేతి చీరలు కట్టుకొని ఎందరు ఆడపిల్లలు పీటల మీద కూర్చోలేదు? నా చెయ్యి పనికొచ్చింది. నా కొడుకు చెయ్యి పనికి రాదన్నాను.

పడుగు దిగిన రోజే ఫోను చేశాను, మగ్గం ఖాళీ అయింది రమ్మని. “ఈడ నా మగ్గం మీద పడుగెక్కిందమ్మా. ఇది దిగినంక వస్త” అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, వాడికి అది రాదు. నేతగాడు చెప్పే నిజమే చెప్పాడు. అది దిగింది, ఇంకొకటి ఎక్కింది. రెండేండ్లలో మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ చుట్టం లాగ వచ్చాడు.

6. ఇప్పుడు స్వర్ణ సంగతి. ఆమె నల్గొండలో రెండో గడప అనే సంస్థ నడుపుతుంది. జైలు నుంచి విడుదలైనవాళ్ళకు పని నేర్పుతారు, కాగితాలు చేయిస్తారు, కిరాయికి గది ఇప్పిస్తారు. పాత రైసుమిల్లు షెడ్డులో కుట్టు మిషన్లు, మోటార్ల రిపేరు, నాలుగు మగ్గాలు. నా కొడుకు ఆ సంస్థకు వెళ్ళిన రోజు ఆమె అడిగింది ఒక్కటే, ఏం పని వచ్చు అని. నేత అన్నాడు. “మగ్గం ఖాళీగనే ఉంది, కూసో నాయినా” అన్నది. ఆ ఒక్క మాటతో నా కొడుకును తీసుకుంది. పాతికేండ్లకు పైగా నేను పెట్టిన అన్నం దాని ముందు నిలవలేదు.

ఆమె మీద నాకున్న ఫిర్యాదులు రాస్తున్నాను, ఆమె చదవాలి. వానికి కళ్ళద్దాలు వచ్చిన సంగతి నాకు ఆమె చెప్పింది. నా ఇంట్లో ఎన్నడూ ముట్టని చేమగడ్డ వాడు ఆమె ఇంట్లో తిన్నాడు. వాళ్ళ షెడ్డు గోడ మీద వాని ఫొటో ఉంది, పండ్లన్నీ కనబడేటట్టు నవ్వుతున్నాడు. నా దగ్గర ఉన్నది ఆధార్ కార్డు ఫొటో. ఒకసారి నేను నల్గొండ పోయినప్పుడు నా ముందే ఆమెను అమ్మా అని పిలిచాడు, అలవాటుగా, నీళ్ళడిగినట్టు. ఆమె నా మొహం చూసి తల దించుకుంది. దించుకోకుండా గర్వపడి ఉంటే ఆమెను తిట్టుకోవడానికి నాకు సులువుగా ఉండేది.

2023 సెప్టెంబరులో డెంగ్యూ జ్వరంతో మూడు రోజులు దవాఖానలో ఉన్నాడు. మూడు రోజులూ ఆమె పక్కనుంది. “మీరు ఫికర్ పడ్తరని చెప్పొద్దన్నడమ్మా, తగ్గుతదనే అనుకున్నం” అని తర్వాత నాతో అన్నది. నాకు ఫోను వచ్చేసరికి అంతా అయిపోయింది. నల్గొండ నా గడపకు రెండు గంటల బస్సు. మూడు రోజుల్లో ఎన్ని బస్సులు పోయి ఉంటాయో ఇప్పటికీ లెక్కపెడతాను.

పదమూడో రోజు అయినాక వాని బట్టలు తెచ్చుకుందామని పోయాను. వాని మగ్గం అట్లనే ఉంది. పడుగు మీద ఆఖరి చీర, కొంగు అయిపోయి పైన రెండు మూరలు నేసి ఉంది. ఎవరినీ ముట్టనివ్వలేదట. “ఇది మీరే దించాలె” అన్నది స్వర్ణ. వాడు కాళ్ళు దించిన గుంటలోకి నేను కాళ్ళు దించాను. ఆరు రోజులు నేశాను. ఆ ఆరు రోజులూ అన్నం ఆమే పెట్టింది. ఒక రోజు చేమగడ్డల పులుసు చేసింది. బాగుంది. ఇది రాయకపోతే అబద్ధం రాసినట్టవుతుంది.

7. కనుక ముందటి పెద్ద గదిని, గుంట మగ్గంతో సహా, రెండో గడప సంస్థకు రాసిస్తున్నాను. రెండో గడప అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. మొదటి గడప ఇది, నాది. ఆ మగ్గం మీద పాత పడుగు కొసలు కోయకుండా ఉంచాను. కొత్త పడుగు పోగులు వాటికి అతికితే చాలు, రెండు రోజుల్లో పని మొదలవుతుంది. షరతులు ఇవి.

అ) జైలు నుంచి వచ్చినవాణ్ణి, ఆడదైనా మగవాడైనా, వచ్చిన రోజే మగ్గం గుంటలోకి కాళ్ళు దించనివ్వాలి. పడుగు మీద ఏ చీర ఉన్నా సరే. పెండ్లి చీర అయితే తప్పకుండా. నేత రాకపోతే ఒక్క పోగు కొట్టి లేవనివ్వండి. రేపు అనకూడదు.

ఆ) కూర్చునే ముందు వాళ్ళ తల్లికి ఫోను చేయించాలి. తల్లి తిట్టినా, పెట్టేసినా, మళ్ళీ చేయించాలి. జ్వరం వస్తే తల్లికి మొదటి రోజే చెప్పాలి. చెప్పొద్దని వాడు ఒట్టు పెట్టినా చెప్పాలి.

ఇ) ఈ గదిలో స్వర్ణను ఎవరూ అమ్మా అని పిలవకూడదు. మేడం అనాలి. ఆమె ఫొటో గోడకు పెట్టకూడదు. నా ఫొటో కూడా వద్దు. నవ్వుతున్న ఆ ఫొటో అక్కడి నుంచి తెచ్చి ఇక్కడ పెట్టాలి. వాళ్ళకు కావాలంటే ఇంకొకటి కడిగించుకుంటారు.

ఈ షరతుల్లో మొదటి రెండింటిలో ఏది తప్పినా గది రోజారమణికి పోతుంది. మూడోది తప్పితే ఏం చేయాలో రఘుపతి ఇష్టం. గట్టిగా మందలిస్తే చాలు.

8. నా నాడె, దారం బుట్ట సైదులుకు. నాడె అంటే పోగును ఇటు నుంచి అటు తీసుకపోయే చెక్క. సైదులు నా కొడుకుతో జైలులో ఉన్నవాడు, ఇప్పుడు నల్గొండలో వాని మగ్గం మీదే నేస్తున్నాడు. ఆ ఆరు రోజులు నాడెలో పెట్టే దారం కండెలు నాకు చుట్టి ఇచ్చాడు. పండుగకొకసారి వచ్చి “బాగున్నవా పెద్దమ్మా” అని గుమ్మంలో నిలబడతాడు. నిలబడిన ప్రతిసారీ ఇతను ఎందుకు ఉన్నాడు, వాడెందుకు లేడు అనుకుంటాను. తర్వాత అన్నం పెడతాను. అతనికి ఆ సంగతి తెలుసునని నా అనుమానం. తెలిసీ వస్తున్నాడు కనుకనే నాడె రాస్తున్నాను.

9. మిగిలింది నల్గొండలో నేను దించిన ఆ చీర. ఎర్ర నేల, నల్ల అంచు. నా ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. నేను పోయినప్పుడు నా మీద కప్పి పంపాలని రోజారమణికి ఇదివరకు చెప్పాను. ఆ మాట ఇప్పుడు వాపసు తీసుకుంటున్నాను. దాన్ని స్వర్ణకు రాస్తున్నాను.

నేను దగ్గర పెట్టుకొని చూశాను. కొంగు, పైన రెండు మూరలు వాని చెయ్యి. పోగు మీద వాని దెబ్బ బరువు, నేత గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత నాది. చెయ్యి మారిన చోటు తెలిసినవాళ్ళకు కనబడుతుంది. మధ్యలో కోస్తే రెండూ పనికిరావు. స్వర్ణ ఆ చీరను పెట్టెలో దాచకూడదు. నా మగ్గం మీద మొదటి మనిషి కూర్చున్న రోజు కట్టుకొని రావాలి. కొంగు ఆమె భుజం మీద ఉంటుంది. చూసినవాళ్ళందరికీ నా కొడుకు పనితనమే కనబడుతుంది, ఆమె భుజం మీద. అది నాకు బాధే. కానీ నడుము దగ్గర, కుచ్చెళ్ళలో, లోపల దోపుకున్నదంతా నేను నేసింది. నేను కనబడను. నేను లేకుండా మాత్రం ఆ కొంగు ఆమె భుజం మీద నిలవదు.

పైన రాసినదంతా నేనే రాశాను, నేనే రెండుసార్లు చదువుకున్నాను. వేలిముద్ర వేయవచ్చని రఘుపతి అన్నాడు. వేయను. జైలు నుంచి వచ్చే ఉత్తరాలకు జవాబు రాయడానికి ఈ చెయ్యి మళ్ళీ అక్షరాలు నేర్చుకుంది. సంతకమే పెడుతున్నాను.

తేదీ: 12 అక్టోబరు 2025, చౌటుప్పల్.

(సంతకం) గంజి వెంకటనర్సమ్మ, రాజేందర్ తల్లి

ఆమె మా ఎదుట సంతకం చేయగా, మేము ఆమె ఎదుట సంతకం చేసిన సాక్షులం:

1. నాగులమ్మ, పక్కిల్లు, కండెలు చుట్టే పని

2. యోహాను, ఆటో డ్రైవరు, ఇదే వీధి చివర