పేరు పెట్టి పాడమన్నాను

చెల్లె రాజవ్వకు, నీ అక్క లచ్చవ్వ చెబుతుంటే కోడలు కవిత రాస్తున్న ఉత్తరం ఇది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పెద్దవదిన లేచి తిరుగుతోందా? ఫోన్లో నేనెంత అరిచినా నీ చెవికి ఎక్కడం లేదు కాబట్టి ఇలా రాయిస్తున్నాను. టీచరమ్మను పిలిచి గట్టిగా చదివించుకో. మధ్యలో ఒకచోట ఖాళీ వస్తుంది. అదేమిటని ఆమెను అడగకు, నేనే చెబుతాను.

నా గురించి బెంగ పెట్టుకోకు. జొన్నపిండి దొరుకుతుంది, రొట్టె కొట్టుకుని తింటున్నాను. వాన పడుతుంది, ఎండ కాస్తుంది, చీర ఆరేసి వెనక్కి తిరిగేలోపు మళ్లీ వాన. ఈ పరాయి దేశంలో మేముండే మౌంట్ ఆల్బర్ట్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, పొద్దున్నే అందరూ కార్లెక్కి వెళ్లిపోతారు. సాయంత్రం దాకా నేనూ, పక్కింటి పిల్లీ. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

ఇక అసలు సంగతి. నా మనవరాలు శ్రావ్యకు పెళ్లి కుదిరిందని చెప్పాను కదా. హామిల్టన్‌లో ఆసుపత్రిలో పనిచేస్తుంది, పిల్లాడిదీ అదే ఊరు. సెలవు దొరికితే చాలు, వచ్చి నన్ను కారులో అక్కడికి తీసుకుపోతుంది. దారి పొడవునా పాటలు పెడుతుంది. పాటంటే రాగం ఏమీ లేదు. ఒకడు గబగబా మాట్లాడుతూ పోతాడు, వెనక డప్పులాంటి మోత. ర్యాప్ అంటారట. ఆ మోత నాకు నచ్చింది చెల్లె, అబద్ధమెందుకు. నాట్లప్పుడు మనం పాడిన పాటలకు సరిపోయే దరువు. నేనూ మోకాలి మీద చేత్తో వేస్తూ కూర్చునేదాన్ని. వాడేం చెబుతున్నాడని అడిగితే శ్రావ్య నవ్వి, ఏం లేదు బాపమ్మా, ఊరికే మ్యూజిక్ అనేది.

పెళ్లికూతురు హాల్లోకి నడిచి వచ్చేటప్పుడు ఏ పాట పెట్టాలని ఇంట్లో ఒకరోజు మాట వచ్చింది. శ్రావ్య వాడి పాటే పెట్టి వినిపించింది. కవిత ముఖం మాడిపోయింది. ఏమైందే అంటే చెప్పదు. చెప్పేదాకా అన్నం ముట్టనన్నాను. చివరికి గోడవైపు తిరిగి నిలబడి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. తనతో తిరిగే ఆడదాన్ని వాడు           అంటాడట. ఇదే ఆ ఖాళీ. రాయవే అంటే, "నా చేత్తో రాయను అత్తమ్మా, మీరేమన్నా అనుకోండ్రి" అంటోంది. ఉత్తరంలో రాయడానికి చెయ్యి రాని మాటను పెళ్లిమండపంలో పెడతారట. అంతటితో ఆగలేదు. ఆమెను వాడుకున్నాడట, చాలనుకున్నాక స్నేహితులకు అప్పజెప్పాడట, ఎదురుచెబితే కొట్టాడట. అదంతా గొప్పగా చెప్పుకుంటున్నాడు.

ఇన్నాళ్లూ నేను దరువేసింది ఈ మాటలకా? లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాను, సబ్బు పెట్టి మరీ కడుక్కున్నాను. మన వాడలో తాగొచ్చిన వాడెవడైనా ఇలా వాగితే తెల్లారి తల దించుకుని పోయేవాడు. వీడికి సిగ్గు లేదు సరే, వినేవాళ్లకు ఏమైంది?

ఆ పాట పెడితే నేను హాలు గడప తొక్కనని చెప్పేశాను. నా కొడుకు శ్రీనివాస్, "లోకమంత వింటున్నరమ్మా, నీ ఒక్కదానికే కష్టమొచ్చిందా?" అన్నాడు. పెళ్లిలో పాటలు పెట్టే పిల్లాడికి ఫోన్ చేస్తే, బూతు మాటలు తీసేసిన పాట కూడా ఉంది, అదే పెడతానన్నాడట. వినిపించారు. మాట వచ్చేచోట చప్పుడు ఆగి మళ్లీ మొదలవుతుంది, అంతే. కొట్టినవాడు కొట్టినట్టే ఉన్నాడు, అప్పజెప్పినవాడు అప్పజెప్పినట్టే ఉన్నాడు. పప్పులో పడ్డ బల్లిని తీసేసి వడ్డిస్తే తింటావట్రా అని అడిగాను. శ్రీనివాస్ టీవీ పెట్టుకున్నాడు.

శ్రావ్య నాతో మాట్లాడటం మానేసింది. అదే నన్ను కోసేసింది. ఆ పిల్ల పుట్టినప్పుడు ఇక్కడికి వచ్చి నీళ్లు పోసింది నేను. దాని పెళ్లికి నేను లేకపోతే ఎలా? ఉంటే ఆ పాట కింద ఎలా కూర్చోను?

పోయిన వారం మళ్లీ కారులో తీసుకుపోయింది. పాట పెట్టలేదు. చాలాదూరం పోయాక తనే అంది: "మమ్మీ పెళ్లి వీడియోల నువ్వేం పాడినవ్ బాపమ్మా? అమ్మమ్మను తిట్టినవ్ కదా. అది ఓకేనా?"

పిల్ల తెలివైంది. పాడానన్నాను. మీ అమ్మమ్మ పొట్ట వడ్ల గాదె అన్నాను, నడక బాతు నడక అన్నాను. పేరు పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి అన్నాను. నేను ముగించగానే వాళ్లవైపు ఆడవాళ్లు లేచి నా ముక్కును, నా నల్లతోలును, లడ్డూల గిన్నె మీద పడ్డ నా చూపును వదలకుండా పాడారు. నవ్వి నవ్వి అందరికీ కళ్లల్లో నీళ్లు. తర్వాత ఒకే బంతిలో కూర్చుని తిన్నాం. తిట్టినవాళ్లకు తిట్లు తినే వంతు కూడా ఉంటుంది, అదీ పెళ్లి. వీడి పాటలో ఆ ఆడమనిషి పేరేది? ఆమె వంతేది?

శ్రావ్య, "వర్డ్స్ ఎవ్వరు వినరు బాపమ్మా" అంది.

"అయితే నాకు పాడు," అన్నాను. "తెలుగుల పాడు. పెండ్లిల తిట్ల పాటంటే పేరు పెట్టి పాడాలె. నా పేరు పెట్టు."

అది రోడ్డు వైపే చూస్తూ కారు నడిపింది.

"మీ అమ్మ పేరు పెట్టు."

"ప్లీజ్ బాపమ్మా."

"పోనీ, హాల్లకు నడిచొచ్చేది నువ్వే కద. నీ పేరే పెట్టు."

"శ్రావ్య..." అని మొదలుపెట్టింది. పక్క మాట రాలేదు. కారు నెమ్మదించింది చెల్లె, నాకూ జాలేసింది. కానీ నేను వెనక్కి తగ్గలేదు.

దారిపక్కన డెయిరీ ముందు కారు ఆపింది. ఇక్కడ చిన్న కిరాణా కొట్టును డెయిరీ అంటారు. లోపలికి వెళ్లి రెండు ఐస్‌క్రీములు తెచ్చింది. అద్దం మీద వాన కారుతుంటే ఇద్దరం కారులోనే కూర్చుని తిన్నాం. నా చిగుళ్లు జివ్వుమన్నాయి, అయినా తిన్నాను. అది తినేశాక పాటల పిల్లాడికి ఫోన్ చేసి, ఆ పాట వద్దంది. తర్వాత నావైపు తిరిగి, "మరి నేను సైలెంట్‌గ నడవాల్నా? నువ్వే పాడాలె ఇగ" అంది.

ఒప్పుకున్నాను. అందుకే నీకు రాయించడం. వియ్యపురాలి మీద మనం పాడే తిట్ల పాటలో గాజుల వరస దాకా గుర్తుంది, ఆ తర్వాతది రావడం లేదు. అది టీచరమ్మతో రాయించి పంపు, ఆలస్యం చెయ్యకు. పెళ్లికొడుకు తల్లి సుజాతకు సంగతి అప్పుడే తెలిసిపోయింది. నిజామాబాద్‌లో ఉన్న వాళ్లక్కకు ఫోన్ చేసి నా మీద పాటలు కూడగడుతోందట. కూడగట్టనీ. నా బోసినోటి మీద ఎన్ని పాడినా వింటాను.

ఆ పాటగాడి మీద రోత మాత్రం పోలేదు. బజారుకు పోతే వాడే, పక్క కారు ఆగితే వాడే. శ్రీనివాస్ నన్ను చూసి ఆపుతాడు, నేను దిగగానే పెట్టుకుంటాడని నాకు తెలుసు. నేను ఇక్కడ దిగినప్పుడు గింజలో పురుగుంటుందేమోనని విమానాశ్రయంలో నా సంచిలోని మెంతులు, ధనియాలు తీసి పారేశారు. వాడి పాటను మాత్రం ఎవరూ ఆపి చూడలేదు.

కాబట్టి పెద్దవదినను అక్షింతలు కవర్లో పెట్టి పంపవద్దను, రానివ్వరు. శ్రావ్య పేరు పలికి నోటితోనే దీవించమను, ఆ మాట నువ్వు నాకు రాయించు. వదినకు నా దండాలు, నీ పిల్లలకు నా దీవెనలు. మోకాళ్లకు నూనె రాసుకో.

ఇందులో తిట్టిందంతా నేనే, కోడలిది చెయ్యి మాత్రమే. నా పేరు లచ్చవ్వ. కింద వేలిముద్ర వేస్తున్నాను.