యోబు వాకిట్లో ఇరవై నాలుగు మిల్లీమీటర్లు

ఆళ్లగడ్డ దగ్గర,
జూన్ 20.

నంద్యాల వాన కబుర్ల ఆఫీసు వారికి, కౌలు రైతు యోబు ఒళ్లు మండి రాస్తున్నది:

నాలుగు రోజులుగా ఫోనుకు మీ మెసేజి. "మీ ఊళ్లో మంచి వాన పడింది. కొర్ర విత్తుకోండి." ఏందీ ఆ వాన? ఈడ ఎద్దు నడిస్తే దుమ్ము లేస్తాంది. నా దగ్గరున్నది ఒక్కసారికి సరిపోయే విత్తనం. మిమ్మల్ని నమ్మి విత్తి ఉంటే చీమలకు పెళ్లి భోజనం అయ్యేది.

ఇట్లు,
యోబు.

తా.క. ఫోన్ చేసి తిడదామంటే మీ మిషను "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అంటుంది. ఎవరి గొంతో చెప్పదు. అందుకే ఉత్తరం.

నంద్యాల,
జూన్ 23.

యోబు గారికి నమస్కారాలు.

మీ ఊరి వాన లెక్క మేము మీ వాకిట్లో పాతిన గిన్నెలాంటి యంత్రమే పంపుతుంది. దానికి మీ మీద పగ లేదు. రోజూ తెల్లవారుజామున సరిగ్గా ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. ఆ సమయంలో మీరు నిద్రలో ఉన్నారేమో.

ఇట్లు,
సుప్రజ, సమాచార సహాయకురాలు.

తా.క. యంత్రంలో మేకలు గాని, మగవాళ్లు గాని మూత్రం పోయడం లేదు కదా? అడగడం మా డ్యూటీ.

ఆళ్లగడ్డ దగ్గర,
జూన్ 26.

సుప్రజమ్మకు,

నేను నాలుగింటికే లేస్తాను. మాకు మేక లేదు. మగవాణ్ణి నేనొక్కణ్ణే, నాకు చేనంత చోటుంది. మీ మెసేజి ఊరందరికీ పోయింది. అందరూ మా ఇంటి ముందు నిలబడి ఆకాశం చూస్తున్నారు. "ఏందప్పా, మేఘాన్ని ఇంట్లో కట్టేసుకున్నావా? మా చేనికీ రోంత తోలు" అంటాడు నూర్ మహమ్మద్ మామ. మీరే వచ్చి మా వాకిట్లో నిలబడండి.

యోబు.

తా.క. తడిస్తే తువ్వాల నేనిస్తా.

నంద్యాల,
జూన్ 30.

యోబు గారికి,

వచ్చాను. మీరు చేనికి బయల్దేరే ముందు మీ అమ్మ కృపమ్మ గారు చెంబెడు నీళ్లు తెచ్చి యంత్రంలో పోశారు. నేను కెవ్వుమన్నాను.

"అరవొద్దు పాపా. కొడుకు చేనికి పోతాంటే ఖాళీ గిన్నె ఎదురు రాకూడదు."

"మీరు చర్చికి పోతారు కదండీ!"

"చర్చికి ఆదివారం పోతాం. చేనికి రోజూ పోతాడు."

ఇక చుక్క కూడా పోయనని మాట ఇచ్చారు. నిజంగా వాన పడి, మా మెసేజి వచ్చాకే విత్తండి.

సుప్రజ.

తా.క. "ఎంత పోసినా రోంత సేపటికి ఖాళీ. అడుగున చిల్లుంది. మీ ఆఫీసోళ్లు మాటు వేయించుకోలేరా?" అని నన్నే తిట్టారు. ఆ చిల్లులోంచి దిగే నీళ్లనే కదా యంత్రం కొలిచేది!

ఆళ్లగడ్డ దగ్గర,
జూలై 6.

సుప్రజమ్మకు, బురద కాళ్లతో యోబు రాస్తున్నది:

మొన్న సాయంత్రం కుండపోత. వంక పారింది. ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మెసేజి వచ్చింది. "మీ ఊళ్లో చుక్క పడలేదు. విత్తకండి."

పోయి చూస్తే యంత్రం నిండా నీళ్లు, చుక్క కదలడం లేదు. "ఏందిమా ఇది?" అన్నాను.

"మాట తప్పలేదు నాయనా, చుక్క పోయలేదు. చిల్లు మాత్రం తారు పెట్టి మూసినా."

మీ మెసేజినీ మా అమ్మనూ పక్కన పెట్టి దుక్కిలో చెయ్యి దించాను. జానెడు లోతుకు తడి. ఉన్న విత్తనమంతా ఈ పొద్దు విత్తేశాను.

ఇట్లు,
యోబు.

తా.క. కాగితం మీది మరక బురద. కొలుచుకుని మీ లెక్కలో రాసుకోండి.