దొరసాని తూకం

సెంటినరీ కాలనీ,
జూన్ 9

జమునా, బిడ్డా,

మొన్న నువ్వు దొరసానిని బుట్టలో పెట్టుకుని కరీంనగర్ తీసుకుపోతానన్నావు. నాకు కోపం రాలేదు. అమ్మ పెంచిన పిల్లి నా చేతిలో పడి రెండు మెట్లు కూడా ఎక్కలేకపోతోందన్నావు. నిజమే.

ఈ రోజు ఫస్ట్ షిఫ్టు దిగి దాన్ని పశువుల దవాఖానకు తీసుకుపోయాను. ఆరు కిలోల ఎనిమిది వందలు. "ఏం పెడుతున్నరు సార్?" అన్నాడు డాక్టరు భూపాల్. పాలన్నం, పెరుగన్నం, పైన నెయ్యి అన్నాను.

"గిది పిల్లి సార్, కొత్తల్లుడు కాదు!"

ఇక అన్నం, పాలు బంద్. ఉప్పుకారాలు లేని ఉడికించిన కోడిమాంసం, పిల్లుల తిండి, తూచి రెండు పూటలు. ఒక్కసారిగా పస్తు పెడితే కాలేయం చెడుతుందట, మెల్లగా తగ్గించాలట.

నాలుగు నెలలు ఆగు. తగ్గకపోతే నేనే తెచ్చి అప్పగిస్తాను. గనిలో సర్వేయరును, కొలతలో అబద్ధం చెప్పను.

బాపు


అక్టోబరు 12

జమునా, తల్లీ,

ఐదు కిలోల ఆరు వందలు. బుట్ట తేవద్దు.

ఫోన్లో చెప్పలేనిది ఇంకొకటి ఉంది. పిల్లి తూకం మిషను మీద నిలవదు. దాన్ని ఎత్తుకుని ఒకసారి, ఒక్కణ్ణే ఒకసారి ఎక్కి, తేడా రాసుకునేవాణ్ణి. మొదటి ఆదివారమే నా అంకె చూసి ఆగిపోయాను. యాభై నాలుగు. అమ్మ ఉన్నప్పుడు అరవై మూడు.

అమ్మ పోయాక కూడా రెండు గ్లాసుల బియ్యమే పోసేవాణ్ణి. తగ్గించడానికి చేయి రాలేదు. ఆమె కంచంలోనూ వడ్డించేవాణ్ణి. ఆ కంచం ఎదురుగా ఉంటే నాకు ముద్ద దిగేది కాదు. పారేయలేక రెండు కంచాలూ దొరసానికే పెట్టాను. పక్క క్వార్టరు సారలమ్మ అననే అంది: "ఏంది అన్నా, పిల్లి తినుడు, నువ్వు చూసుడు! ఇంక కొన్నొద్దులైతే అదే నిన్ను ఎత్తుకొని తిరగాలె." నవ్వేశాను.

దానికి అన్నం మాన్పించాక వండింది మిగిలిపోసాగింది. ఒక పొద్దున ఒక్క గ్లాసే పోసి డబ్బా మూత పెట్టాను. ఆ రోజు వండినదంతా తిన్నాను. ఇప్పుడు యాభై ఎనిమిది.

నిన్న సారలమ్మ కొట్లాటకు వచ్చింది. "నీ దొరసాని గోడ దుంకి నా చేపముక్క ఎత్తుకపాయె!"

"ఏ గోడ?"

"మన నడిమి గోడనే. ఏందన్నా, నా ముక్క పోతే నువ్వు నవ్వుతవ్?"

క్షమించమన్నాను. ఆమె వెళ్లాక టేపు తీసి గోడ కొలిచాను. ఐదడుగుల రెండంగుళాలు.

నీ బాపు,
జగదీశ్వర్