నీ ఉక్కు బిళ్ళ

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాది తిరక్కుండానే, ఉక్కు పరీక్షించే మన ప్రైవేటు ల్యాబ్‌లో మెషీన్లన్నిటినీ ఒకే కంప్యూటర్ తెరకి కలిపేరు. నువ్వు అడిగి అడిగి గొంతు పోగొట్టుకున్న పనే. అప్పుడు నవ్వినవాళ్ళే ఇవాళ కొబ్బరికాయ కొట్టి ఫొటోలు దిగేరు. నీ పేరు ఒక్కడూ ఎత్తలేదు. పక్కనే కోహ్కా బస్తీలో ఉన్న వదినని పిలవనైనా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కలపడమంటే తీగలు కలపడమే అనుకున్నారు. ఒకే ఉక్కు ముక్కలో కార్బన్ ఎంతంటే పాత మెషీన్ ఒకటి చెప్పింది, కొత్తది ఇంకోటి చెప్పింది. కొత్త మేనేజర్ తెర చూసి, "అరే దీదీ, ఔసత్ నికాల్ దో," అన్నాడు. సగటు తీసి పడేయాలంట! నీ మాటే నా నోట్లోంచి వచ్చేసింది. "రెండు అబద్ధాలు కలిపి సగం చేస్తే నిజమైపోద్దేటి?" అతనికి తెలుగు రాదు గాని, నా మొహం చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

సొరుగులోంచి నీ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టేను. అదే, కార్బన్ ఎంతుందో ముందే తెలిసిన ఉక్కు బిళ్ళ. షిఫ్ట్ మొదలవగానే దాన్ని ప్రతి మెషీన్‌లోనూ పెట్టి చూసేవాడివి. లెక్క తప్పినదాన్ని సరిచేసేదాకా మమ్మల్ని టీ కూడా తాగనిచ్చేవాడివి కాదు. అరిగి అరిగి సగమైపోయింది పాపం.

ఇకమీదట అన్ని మెషీన్లకీ ఇదే కొలత అని ఎక్కిస్తుంటే, బిళ్ళకి ఒక పేరు పెట్టమని తెర అడిగింది. నీ పేరు కొట్టేను.

ఇక రోజూ పొద్దున్నే ప్రతి మెషీనూ ముందు నీతో సరిపోవాలి. బతికుండగా నీ మాట వినని వాళ్ళందరూ, ఇప్పుడు నువ్వు ఊఁ అనేదాకా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.